తాబేలును పడవ మీద ఉంచమన్నాను

ఆదివారం మధ్యాహ్నం,
సముద్రపు ఒడ్డు పాలెం నుంచి.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సలోమి ప్రేమతో వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, బావగారు, అమ్మ, జాయ్ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారి ఆటో రిపేరు అయిందా? జాయ్‌కి పన్నెండో ఎక్కం వచ్చిందా, ఇంకా పదకొండు దగ్గరే కూర్చుందా? నా సంగతికొస్తే ఒంట్లో బాగానే ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు, మూడు పూటలా తింటున్నాను. ఇది ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేదంతా చదివి నువ్వు అమ్మ ముందు మొహం మాడ్చుకుంటావు. ఈ మొదటి పేరా అమ్మకి చదివి వినిపించు. మిగతాది నువ్వొక్కదానివే చదువుకో.

ఫోను చేయొచ్చు కదా అంటావు. నీకు ఫోను చేస్తే స్పీకర్ పెడతావు. పాత ఊళ్ళో అయితే ఇంటికీ ఇంటికీ మధ్య కాస్త పెరడైనా ఉండేది. కాలనీలో పక్కింటి కుక్కరు కూతలు కూడా మన ఇంట్లోవే అనిపిస్తాయి. ఈ సంగతి అందరూ వినేది కాదు. అందుకే ఉత్తరం.

ఇక్కడికి వచ్చి ఐదు నెలలు అవుతోంది. ఊరు పోలవరం ప్రాజెక్టు కింద పోయాక మీరు పునరావాస కాలనీకి వెళ్ళారు, నేను ఉద్యోగం వెతుక్కుంటూ సముద్రానికి వచ్చాను. గోదావరి మన రేవు దాటి ఎక్కడికి పోతుందని చిన్నప్పుడు నిన్ను విసిగించేదాన్ని కదా, ఇదిగో, ఇక్కడికే వస్తుంది. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, నిలబడితే ఒక పక్క మడ అడవి, ఒక పక్క సముద్రం. రెండూ కలిపి అభయారణ్యం. అందులో సముద్రం వైపు బీటుకి నేను ఫారెస్టు గార్డుని. దాన్ని కాపాడటానికి నాకు ఇచ్చినవి ఒక యూనిఫాం, ఒక మోటార్ సైకిలు, కొలత టేపు, తెల్ల పెయింటు డబ్బా, రిజిస్టరు. పడవ ఇవ్వలేదు. నీళ్ళలో ఏం జరిగినా ఒడ్డున నిలబడి చూడటమే నా డ్యూటీ. నవ్వుకో, నేనూ మొదట్లో నవ్వుకున్నాను.

వాతావరణం ఏం చెప్పను. పొద్దున్న చలి, పదింటికి ఎండ, ఎప్పుడూ ఉప్పుగాలి. యూనిఫాం గుండీలు తుప్పు పట్టాయి. జుట్టు చీపురులా తయారైంది. తాగే నీళ్ళు టిన్నుల్లో కొనుక్కోవాలి, చుట్టూ నీళ్ళే ఉన్న ఊళ్ళో. తిండికి లోటు లేదు. రొయ్యలు, పీతలు, నెత్తళ్ళు, రోజూ ఏదో ఒక పులుసే. అయినా నాకు మన వెదురు కొమ్ముల కూర మీదే మనసు. ఎండబెట్టినవి ఉంటే కాసిని పంపించు. చోడిపిండి కూడా ఒక కేజీ. ఇక్కడ అంబలి తాగుతానంటే జబ్బు మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఒకసారి మీటింగని రేంజర్ గారు యానాం తీసుకెళ్ళారు. ఆ మాట బావగారితో చెప్పకు, ఒక్క సీసా కూడా తేకుండా ఉత్త చేతుల్తో వచ్చావా అని అలుగుతారు.

నేను అద్దెకున్నది నూకరాజు గారనే ఆయన ఇంట్లో. పెంకుటిల్లు, ముందు వసారా, పక్క గది నాది. ఆయన మర బోటు మీద కళాసీ. వల వేయడం, లాగడం ఆయన పని. బోటు ఇంకొకరిది. నాలుగు రోజులు వేటకి వెళ్తే రెండు రోజులు ఇంట్లో ఉంటారు. ఆయన భార్య సత్తెమ్మ గారు చేపలు అమ్ముతారు. పిల్లలకి పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. వచ్చిన కొత్తలో ఇక్కడ చర్చి దూరమని, ఆదివారం పూట తలుపు వేసుకుని ఏడుస్తుంటే సత్తెమ్మ గారు ఏమీ అడగకుండా కంచంలో అన్నం పెట్టి గడప దగ్గర ఉంచి వెళ్ళారు. అప్పటి నుంచి నా భోజనం అక్కడే. అలాంటి మనుషులు అక్కా. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా తీరానికి వస్తాయి. మన జాయ్ ఎక్కి కూర్చునేంత వీపు. బతికున్నవాటిని నేను చూసింది తక్కువ. ఎక్కువగా చూసేది చచ్చి కొట్టుకొచ్చినవాటిని. పొద్దున్నే తీరం వెంట వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ కొలిచి, లెక్కలో రెండుసార్లు రాకుండా వీపు మీద పెయింటు గీత గీసి, ఫోటో తీసి, పూడ్పించి, రిజిస్టర్లో రాయాలి. వలల్లో ఇరుక్కుని ఊపిరాడక చచ్చిపోతాయి. తాబేలు బయటపడటానికి వలకి దారి పెట్టాలని రూలు ఉంది. ఆ దారిలోంచి రొయ్యలు కూడా పోతాయని ఓనర్లు దాన్ని కుట్టించేస్తారు. ఈ సంగతి నేను మూడుసార్లు పైకి రాశాను. వచ్చిన జవాబు ఏంటంటే, మీ లేఖ అందింది.

చచ్చి వచ్చినవాటిలో కొన్నిటి ముందు రెక్కకి పసుపుతాడు కట్టి ఉండేది. పాలెం ఆడవాళ్ళు ఒడ్డున చూసి కడుతున్నారేమో అనుకున్నాను. ఒకరోజు భోజనం దగ్గర నూకరాజు గారిని అడిగాను. ఆయన సంతోషంగా చెప్పారు. వీళ్ళకి తాబేలంటే దేవుడు. వలలో తాబేలు వస్తే, గంగమ్మ పూజకని ఇంజను దగ్గర ఉంచుకున్న పసుపుతాడు తీసి దాని రెక్కకి కట్టి, దణ్ణం పెట్టుకుని, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని నీళ్ళలోకి దింపుతారట. విసిరెయ్యరు. కాళ్ళు తగలనివ్వరు. బోటు మీద మాత్రం ఒక్క నిమిషం ఉంచరు. దేవుడు బోటు మీద ప్రాణం వదిలితే ఆ ఏడాది వేట ఉండదని భయం. కదలకుండా పడి ఉన్నా అంతేనా అని అడిగాను. కదలకపోతే ఇంకా తొందరగా దింపేస్తామండి అన్నారు.

ట్రైనింగులో పశువుల డాక్టరు గారు ఒకరు చెప్పిన మాట గుర్తొచ్చింది. తాబేలు కూడా మనలాగే గాలి పీల్చాలి. వలలో చాలాసేపు నీళ్ళ కింద ఉండిపోతే స్పృహ తప్పి చచ్చినట్టే ఉంటుంది. బోర్లా ఉంచి, వెనక భాగం కాస్త ఎత్తు చేసి, తడి గోనె కప్పి ఊరుకుంటే కొన్ని గంటలకి, ఒక్కోసారి రోజు గడిచాక, ఊపిరి తీసుకుని లేస్తుంది. స్పృహ లేనిదాన్ని నీళ్ళలో వదిలితే మునిగి చచ్చిపోతుంది. అంటే ఆ తాడు ఉన్నవాటిలో ఎన్ని బతకాల్సినవో. దణ్ణం పెట్టి మరీ ముంచేశారు, ముంచామని తెలియకుండా.

ఆ సంగతి నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ అక్కా, తెలిసి ఎలా ఊరుకోను? ఆ వసారాలోనే, చేట బోర్లించి, దాని వెనక అంచు కింద పీట పెట్టి, తడిగుడ్డ కప్పి ఎలా ఉంచాలో చూపించాను. సత్తెమ్మ గారు ఒప్పుకోలేదు. బోటు మీద ఉంచాక చచ్చిపోతే ఎవరిది పాపం అన్నారు. నాది అన్నాను. నూకరాజు గారు చేట వైపు చాలాసేపు చూసి, ఇన్నేళ్ళలో ఎన్ని దింపానో అని లెక్క వేసుకుంటున్నట్టు కూర్చున్నారు. తర్వాత ఒకటే మాట అడిగారు.

"గస్తీ వాళ్ళు చూస్తేనోండి? తాబేలు బోటు మీద ఉంటే కేసు కదండి."

"నా పేరు చెప్పండి. నేనే ఉంచమన్నానని చెప్పండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి. మీరు చెప్పారు కదండి" అన్నారు.

మొదటిది లేచింది. వేట నుంచి వచ్చి బుట్ట కూడా దించకుండా చెప్పారు. మధ్యాహ్నం వలలో వచ్చిందట, చీకటి పడే వేళకి ఒక్కసారి మెడ ఎత్తి బుస్సుమని గాలి వదిలిందట. సరంగు, అంటే బోటు నడిపే ఆయన, హడలిపోయాడని చెప్పి ఒకటే నవ్వు. తాడు కట్టి దింపితే చేతుల్లోంచి జారి ఈదుకుంటూ పోయిందట. ఆ రోజు సత్తెమ్మ గారు పాయసం వండారు. నేను వచ్చినప్పటి నుంచి రిజిస్టర్లో రాయలేని ఒకే ఒక్క మంచి పని అది. నీకు ఫోను చేసి ఊరికే నవ్వాను, గుర్తుందా? ఏమిటే అంత సంతోషం అన్నావు. ఏమీ లేదులే అన్నాను. అది ఇదే.

రెండోది ఒడ్డుకి వచ్చేలోపు లేవలేదు. తడి గోనె కింద దాన్ని అలాగే ఉంచి మొగ దగ్గరికి వస్తుంటే గస్తీ పడవ ఆపింది. అది మా ఆఫీసుది కాదు, ఇంకో శాఖ వాళ్ళది. గోనె ఎత్తి చూశారు. ఓనరుకి ఫోను చేస్తే తనకేమీ తెలియదన్నాడు. సరంగు కళ్ళు దించుకున్నాడు. నూకరాజు గారు, నా పనేనండి, ఎవరికీ సంబంధం లేదండి అన్నారు. నాకు కబురు తెలిసి బండి వేసుకుని రేవుకి వెళ్ళేసరికి పంచనామా రాస్తున్నారు. ఆయన్ని జీపులో కూర్చోబెట్టారు. తాబేలు సిమెంటు గట్టు మీద ఉంది, పక్కన చీటీ పెట్టి ఫోటోలు తీస్తున్నారు. నేను ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, సార్, నేనే ఉంచమన్నాను అని చెప్పాను. మీ రేంజర్ గారితో మాట్లాడుకోండి అన్నారు, రాత ఆపకుండా.

అప్పుడే అక్కా, అది తల ఎత్తింది. అందరూ చూస్తుండగా గాలి పీల్చింది. నోరు తెరిచి, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూ, ఒక రెక్క గట్టుకేసి కొట్టింది. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. నూకరాజు గారు జీపులోంచి మెడ చాచి చూశారు. పక్కన పోలీసు ఉన్నాడని కూడా లేదు ఆయనకి. "లేచిందండీ మేడం గారూ" అన్నారు నాతో. ఆ మొహంలో సంతోషం నేను చచ్చేదాకా మరిచిపోను. దాన్ని నీళ్ళలో వదిలి ఫోటో తీసుకున్నారు. ఆయన్ని తీసుకెళ్ళారు.

రేంజర్ గారు చెడ్డవారు కాదు. నన్ను గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి అడిగారు, ఉంచమని చెప్పడానికి నీకు రాతపూర్వకంగా ఏమైనా ఉందా అమ్మా అని. లేదన్నాను. చెప్పే అధికారం ఉందా అన్నారు. లేదన్నాను. నీ ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు, తెలుసా అన్నారు. తెలుసన్నాను. అయినా స్టేట్‌మెంటు రాసి ఇచ్చాను. రెండు పేజీలు. నేనే చెప్పాను, ఆయన నా మాట నమ్మి చేశారు, తాబేలు బతికిందని అందరూ చూశారు అని రాశాను. ఆయన రెండుసార్లు చదివి సొరుగులో పెట్టుకున్నారు. "ఇది ఫైల్లో పెడితే అతను బయటికి రాడమ్మా, నువ్వు లోపలికి వెళ్తావు. అంతే తేడా" అన్నారు. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇది మన శాఖ పెట్టిన కేసు కాదమ్మా అన్నారు. ఆయన చేతిలో కూడా ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. తర్వాత అదే కాగితం ఇంకో కాపీ రాసి ఆ గస్తీ ఆఫీసుకి తీసుకెళ్ళాను. మా శాఖ ద్వారా పంపమని తిప్పి ఇచ్చేశారు.

పదమూడు రోజులు ఆయన సబ్‌జైల్లో ఉన్నారు. ఆ పదమూడు రోజులూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వేరే గది చూసుకుంటానని సత్తెమ్మ గారితో అంటే, మీరు వెళ్ళిపోతే ఆయన వస్తారాండి అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఒకరోజు సబ్‌జైలుకి వెళ్ళి చూసి వచ్చి, చేపల బుట్ట కడుగుతూ చెప్పారు, మీ పేరు చెప్పమన్నారంట కదండి, చెప్పలేదంటండి, ఆడపిల్ల ఉద్యోగం పోతుందన్నారండి అని. కాసేపాగి, "మీరైనా చెప్పారాండి?" అని అడిగారు. చెప్పానన్నాను. మరి, అన్నారు. అన్నం మాత్రం వేళకి పెట్టారు. తినకపోతే బాధపడతారని తిన్నాను. మూడు పూటలా తింటున్నానని పైన రాశానే, అది అబద్ధం కాదు.

పాలెంలో ఇప్పుడు నేను కనిపిస్తే వలలు బాగుచేసుకునేవాళ్ళు తల ఎత్తరు. మేడం మాట విని నూకరాజు లోపలికి పోయాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్ళ తప్పేముంది? అన్ని బోట్ల వాళ్ళూ ఇప్పుడు వల పైకి రాగానే తాబేలు ఉందో లేదో చూసి, ఉంటే మరీ తొందరగా దింపేస్తున్నారు. దణ్ణం పెట్టే తీరిక కూడా లేదు. గడిచిన వారం తీరం మీద ఎన్ని ఉన్నాయో రాయను. కొలిచాను, గీత గీశాను, పూడ్పించాను. నేను బాగానే ఉన్నాను. ఒంట్లో ఏమీ లేదు, కంగారు పడకు. ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే ఏం అడగాలో తెలియక లేచిపోతున్నాను, అదొక్కటే.

మొన్న గురువారం బెయిలు వచ్చింది. నేను సెలవు పెట్టి గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన సన్నబడ్డారు. నన్ను చూసి, డ్యూటీ లేదాండి అన్నారు. బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. నేను రాసిన కాగితం సంగతి, అది సొరుగులో ఉండిపోయిన సంగతి చెప్పాను. ఎందుకు రాశారండి అని నన్నే కోప్పడ్డారు. కేసు ఇంకా ఉంది, వాయిదాలకి తిరగాలి. పాత ఓనరు ఆయన స్థానంలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఇంకో బోటు వాళ్ళు రమ్మన్నారు. రేపు సోమవారం మళ్ళీ వేటకి వెళ్తున్నారు.

నిన్న పొద్దున్న వసారాలో వల కుట్టుకుంటూ, నన్ను పిలిచి కూర్చోమన్నారు. సత్తెమ్మ గారు కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన నిదానంగా అడిగారు.

"మళ్ళీ కదలకుండా ఉన్నది వలలో వస్తే ఏం చెయ్యమంటారండి?"

ఎదురుచూస్తున్న ప్రశ్నే. రెండు వారాలుగా నన్ను నేను అడుగుతున్నదే. ఉంచండి అంటే ఆయన మళ్ళీ జైలుకి పోతారు, ఈసారి బెయిలు కూడా రాదు. సత్తెమ్మ గారు నా వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నారు. నా ఒంటి మీద యూనిఫాం ఉంది. తాబేళ్ళని కాపాడమని ఇచ్చిన యూనిఫాం.

"దింపేయండి నూకరాజు గారూ" అన్నాను.

ఆయన వల పక్కన పెట్టారు. నా మీద కోపం లేదు ఆ మొహంలో. అది ఉంటే తట్టుకునేదాన్ని.

"ఇన్నాళ్ళూ తెలియక దింపామండి" అన్నారు. "ఇప్పుడు తెలిసి దింపాలాండి?"

అవునని నా నోటితో నేనే చెప్పాను అక్కా.

అమ్మకి, బావగారికి నా వందనాలు, జాయ్‌కి ముద్దులు. కాలనీ పెద్దలందరినీ అడిగానని చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజు మీ కుటుంబ ప్రార్థనలో నూకరాజు గారి పేరు, సత్తెమ్మ గారి పేరు ఎత్తండి. వాళ్ళు మన దేవుణ్ణి కొలవరని బావగారు అంటే, సలోమికి అన్నం పెట్టిన వాళ్ళని చెప్పు. వ్యవధి ఉంటే నా పేరు కూడా చివర్లో చేర్చండి.

నీ దీవెన కోరుతూ,
నీ చెల్లెలు
సలోమి